జింకు బిళ్ళ

మూడేళ్ల వారంటీ. ఎనిమిదో నెల.
కళింగపట్నం రేవులో షికారు బోటు
ఇసకలోకి ముక్కు పెట్టి పడుకుంది.
"దగ్గినాది బావూ, రొండుపాలి దగ్గి ఊరుకున్నాది"
అన్నాడు సూరాడ కొర్లయ్య,
తనే ఏదో అనరాని మాట అన్నట్టు.

శ్రీకాకుళం నుంచి మొదటి బస్సులో వచ్చాను.
పానాల పెట్టె, ఒక ఫారం, రెండు అరటిపళ్లు.
మూత విప్పాను.
అల్యూమినియం మీద తెల్లటి పొడి
వేలితో రాస్తే ముగ్గుపిండిలా అంటింది.
స్టీలు బోల్టు దిగిన చోటల్లా
చుట్టూ లోహం, చీమలు తొలిచిన బెల్లం అచ్చు.
థర్మోస్టాట్ గూట్లో కళ్ళుప్పు.
పంపు రెక్కలు మూడు విరిగి ఉన్నాయి,
నాలుగోది ఎటు పోయిందో నీళ్ళకే తెలియాలి.
పదేళ్లు పనిచేసిన ఇంజను ముఖం ఇది.
ఎనిమిది నెలల పసిది.

వంశధార ఇక్కడ సముద్రంలో కలుస్తుంది అంటారు.
కలవడం అంత తేలిక కాదు.
పోటుకి ఉప్పు ఏట్లోకి ఎక్కుతుంది,
ఆటుకి దిగుతుంది,
మధ్యలో కట్టేసిన బోటు
రెండు నీళ్ళ తగువూ రాత్రంతా వింటుంది.

అడిగాను:
తిరిగొచ్చాక ఇంజనుకి మంచినీళ్లు పట్టించావా, పావుగంట?
కొర్లయ్య తాడు సర్దాడు.
సర్దిన తాడే మళ్ళీ సర్దాడు.
"ఆదివారాలు పట్టించినాను.
మా వీది కుళాయి రోజు ఇడిసి రోజు వత్తాది.
ఇంటికి ఎనిమిది బిందిలు.
రొండు దీనికి తెచ్చీసినాను.
ఒకపాలి మా ఆడది అడిగినాది,
దాని గొంతుకున్న దప్పిక మన గుంటకి నేదేటి? అని.
ఆపైని తేనేదు."

ఒడ్డున, గొలుసు గేటు లోపల,
షికారుకొచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కునే కుళాయి
బొట్టుబొట్టుగా కారుతూనే ఉంది.
గేటు తాళంచెవి టిక్కెట్ల గుమాస్తా దగ్గర.

ఫారంలో పదకొండో గడి:
అకాల తుప్పునకు కారణము.
రెండు గీతల చోటు.
పక్కన రెండు పెట్టెలు: తయారీ లోపం, నిర్వహణ లోపం.
రెండోదాంట్లో టిక్కు పెడితే
ఇరవై ఆరు వేలు,
కొర్లయ్య జీతంలోంచి, నెలకింత చొప్పున,
కొత్త ఇంజను కూడా చచ్చేదాకా.

అప్పుడు ఇంజను కాలి దగ్గర, ప్రొపెల్లర్ పైన,
చెయ్యి పెట్టి తడిమాను.
జింకు బిళ్ళ కోసం.
దాని ఉద్యోగం ఒక్కటే.
ఉప్పుకి ఆకలేసినప్పుడు
ముందు నన్ను తిను అనడం.
ఈపాటికి అరిగి అరిగి
ముసలి పన్నులా మిగలాలి.
గుండ్రంగా తగిలింది. నిండుగా.
పైన నీలిరంగు, నున్నగా, రెండు పూతలు.

"పెద్దోల్లు వత్తన్నారని
ముందురోజు పెయింటర్ని పిలిసినారు.
మరకనాగ కనబడతంది, దాన్నీ కొట్టీమన్నారు."

చాకుతో గీకాను. రంగు కింద
కొత్త రూపాయిలా మెరిసింది,
ఒక్కరోజూ డ్యూటీ చెయ్యకుండా.
తన వంతు దొరక్క ఉప్పు
మిగతావన్నీ తింది.

"మా నాయిన తెప్పకి మేకు నేదు" అన్నాడు కొర్లయ్య,
నన్ను కాదు, నీళ్ళని చూస్తూ.
"దుంగలు, కొబ్బరిపీసు తాడు. అంతే.
ముప్పై ఏల్లు ఏటకెల్లినాది.
సముద్రానికి తిండానికి ఏటీ దొరకనేదు.
మా నాయినే దొరికినాడు."
నవ్వాడు. నేనూ నవ్వాలో వద్దో తేల్చుకునేలోగా
తెల్లపొడి చేతులు లుంగీకి తుడుచుకుని
అరటిపండు తొక్క తీస్తున్నాడు.

పదకొండో గడిలో రాశాను:
జింకు బిళ్ళకు రంగు వేయబడినది.
చదువుకుంటే, ఎవరనీ అడగని క్రియ.
కొట్టేసి రాశాను: వేయించారు.
ఎవరు, అన్నదానికి చోటు చాల్లేదు.
రెండో గీత మంచినీళ్ళ కోసం ఉంచాను.

సింగుపురం దాటింది బస్సు,
ఆ గీత ఇంకా ఖాళీ.
కిటికీ పక్క సీటు. పెదవి తడుపుకుంటే ఉప్పు.
జేబులో బిళ్ళ, నీలిరంగు సగం గీకింది,
గతుకు గతుక్కీ తొడకి తగుల్తోంది.